పాయ షోర్వాల కొత్తిమీర కాడల కట్ట

కొత్తిమీర ఆకు తెంపుకొని కాడలు చెత్తబుట్టల వడేస్తరు చూడండి, అది చూస్తే నాకు పాణం ఉసూరుమంటది. ఆకు ఎక్కువసేపు ఉడికితే వాసన వోయి నల్లవడ్తది, కాడ మాత్రం ఎంత మరిగినా తట్టుకుంటది.

ఫ్రాన్స్‌ల బుకే గార్నీ అని చేస్తరు, పార్‌స్లీ, థైమ్, బే లీఫ్ దారంతోని కట్టి సూప్‌లల్ల ఏసి వడ్డించే ముందు తీసేస్తరు. మనకు థైమ్ కోసం తిరుగుడెందుకు, హన్మకొండ కుమార్‌పల్లి మార్కెట్‌ల దొరికేటియే మస్తు.

నేనైతే పాయకు కొత్తిమీర కాడలు, రెండు మూడు పుదీన రెమ్మలు (ఎక్కువేస్తే చేదొస్తది), మధ్యకు మడిచిన బిర్యానీ ఆకు, అన్ని కలిపి తెల్ల నూలు దారం గట్టిగ చుట్టి, కొస గిన్నె చెవికి ముడేస్త. రంగు దారం వద్దు, రంగు దిగుతది, నైలాన్‌దైతే అసలే వద్దు. మిరియాలు, లవంగాలు, దాల్చిన చెక్క కట్టల నిలవయి గదా, వాటిని పల్చటి తెల్ల బట్టల మూట కట్టాలె, కొంచెం వదులుగ, నీళ్లు లోపలికి పోవాలె. ఇగ సన్న మంట మీద మూడు గంటలు. పిల్లలకు పంటికింద లవంగం తగులుతదన్న రంది ఉండది.

తీసేటప్పుడు గంటెతోని గిన్నె అంచుకు ఒత్తి పిండుండ్రి, అసలు రుచి అండ్లనే ఉంటది. కుక్కర్‌ల చేస్తే దారం కొస లోపలనే ఉంచాలె, గ్యాస్కెట్ కింద ఇరికితే ఆవిరి నిలవది.