మూడు మచ్చల బిళ్ళ

మంగళవారం. పొద్దుటి నుంచీ ముసురు.

ఇవాళ బల్ల మీద ఉత్తర స్వీడన్ నుంచి వచ్చిన స్కాట్స్ పైన్ అనే సూదాకుల చెట్టు బిళ్ళ. పాత మొద్దు నుంచి కోసింది. ఒక పక్కన మూడు కాలిన మచ్చలు. ఏటికొకటిగా కట్టిన చెట్టు వలయాలను లెక్కపెట్టి, ఏ మచ్చ ఏ ఏటి అడవిమంటదో తేల్చాలి.

పని ఉప్పుకాగితంతో మొదలు. గరుకైన 80 నంబరుతో రంపపు గీతలు పోవాలి. తర్వాత క్రమంగా నున్నటివి: 120, 240, ఆపైన 400. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే పాత గీతలు మిగిలిపోయి, సూక్ష్మదర్శిని కింద వలయాల్లాగే మోసం చేస్తాయి. మచ్చ దగ్గర జిగురు ఎక్కువ. మిషన్ పెడితే వేడికి అది కరిగి బిళ్ళంతా పూసుకుంటుంది. అక్కడ చేత్తోనే రుద్దాలి.

బెరడు కింద పెరిగే పొర 60 డిగ్రీల వేడికే చచ్చిపోతుంది. నేలబారు మంట చెట్టును దాటేటప్పుడు గాలికి చాటైన వైపున సుడి తిరిగి కాసేపు నిలుస్తుంది, మచ్చ అటే పడుతుంది. మందపాటి బెరడు ఉన్నంతకాలం మొదటి మచ్చ పడటం కష్టం. ఒకసారి పడిందా, ఆ చోట రక్షణ పోయి జిగురు మిగులుతుంది, తర్వాతి మంటకు అదే దారి. అందుకే మొదటి మచ్చకు ముందున్న ఖాళీని మంటలేని కాలంగా రాసేయకూడదు. ఈ పొరపాటు చాలా పట్టికల్లో కనిపిస్తుంది.

మచ్చ పక్కనే లెక్కపెట్టడం ఇంకో పొరపాటు. అక్కడ కొన్ని వలయాలు అసలు ఏర్పడవు. ఎదురువైపు లెక్కించి, ఒక వలయాన్ని పట్టుకుని చుట్టూ తిరిగి మచ్చ దాకా రావాలి. 1600లో పెరూలో వాయ్నపుతీనా అగ్నిపర్వతం పేలింది, మరుసటి వేసవి చలికి ఈ ఉత్తరపు చెట్లలో ముదురుచెక్క, అంటే వలయంలో చివర కట్టే ముదురు రంగు పట్టీ, సరిగా కట్టలేదు. వెలిసిపోయిన ఆ 1601 వలయం మంచి గుర్తే, కానీ అదొక్కటే చాలదు. సన్నవీ వెడల్పువీ వరుస మొత్తం పక్కచెట్లతో కలవాలి.

మచ్చ వలయంలో మొదట పెరిగే లేతచెక్కలో పడితే మంట ఎండాకాలం మొదట్లో వచ్చినట్టు, ముదురుచెక్కలో అయితే చివర్లో. రెండు వలయాల సందులో పడితేనే తలనొప్పి: నిరుటి శరత్తా, ఈ ఏటి మంచు కరిగాకా?

ఇలాంటి బిళ్ళలు వందలకొద్దీ పటం మీద పేర్చితే ఉత్తర స్వీడన్‌లో తేలింది విచిత్రంగా ఉంటుంది. 17వ శతాబ్దం మధ్య దాకా మంటలు తక్కువ, ఒక్కొక్కటీ పెద్దది. ఆ తర్వాత మనుషులు వచ్చి స్థిరపడ్డారు, నిప్పు పెట్టే చేతులు పెరిగాయి. మంటల సంఖ్య పెరిగింది, ఒక్కోదాని విస్తీర్ణం మాత్రం తగ్గింది. నిన్న కాలిన చోట ఇవాళ కాలడానికి ఏముంటుంది, నాచూ లైకెనూ మళ్ళీ పరుచుకోవాలి కదా! 19వ శతాబ్దం రెండో సగంలో మచ్చలు దాదాపు ఆగిపోయాయి. అంటే ఎండ తగ్గిందని కాదు. 1888 జూన్ 25న సుండ్స్‌వాల్, ఉమేయో పట్టణాలు రెండూ ఒకే రోజు తగలబడ్డాయి. అసలు కారణం వేరు: కలపకు ధర వచ్చింది, అడవిలో మంట ఆర్పేవాళ్ళు వచ్చారు.

కెనడా జాక్‌పైన్, నల్ల స్ప్రూస్ అడవుల్లో ఈ విద్య అంతగా సాగదు. మంట కొమ్మల్లోకి ఎక్కి చెట్లన్నిటినీ చంపేస్తుంది, మచ్చలు అంచుల్లోనే మిగులుతాయి. అక్కడ కాలాక ఒకేసారి మొలిచిన చెట్ల వయసు, చెరువు అడుగు మట్టిలోని బొగ్గు పలుకులు చూడాలి.

ఈ బిళ్ళలో మూడో మచ్చ సందులోనే పడింది. పక్కచెట్టు బిళ్ళ వచ్చేదాకా ఆ సంవత్సరం దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం.