కాంతి సంవత్సరానికి ఎన్ని గొలుసులు?

నాకు రాత్రిపూట టెలిస్కోప్‌తో కాలక్షేపం. మా బావది భూముల సర్వే. కలిసినప్పుడల్లా ఒకరి పని మీద ఒకరం జోకులు వేసుకోవడం మామూలే. ఓరోజు నేను ఏదో నక్షత్రం దూరం చెబుతుంటే బావ మధ్యలో ఆపేసి, "ఈ కాంతి సంవత్సరాలు నా బుర్రకెక్కవు గానీ, గొలుసుల్లో చెప్పు" అన్నాడు. కాంతి సంవత్సరమంటే కాంతి ఏడాదిలో పోయే దూరం, గొలుసంటే సర్వేవాళ్లు భూమి కొలిచే కొలత. నవ్వేసి ఊరుకోవాల్సింది. రేపటికల్లా లెక్క తేల్చి ఇస్తానన్నాను. నాలుగు రోజులు పట్టింది.

పైకి చూస్తే ఏమంత కష్టం కాదు. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. సంవత్సరానికి 365.25 రోజులు (365 వేస్తే తప్పు, నేనూ మొదట అదే వేశాను), రోజుకు 86,400 సెకన్లు. మూడూ గుణిస్తే 9,46,07,30,47,25,80,800 మీటర్లు. ఎక్సెల్ 15 అంకెల దాకానే నమ్మకంగా ఉంచుతుంది, ఆ తర్వాతవి సున్నాలు చేసేస్తుంది. ఈ సంఖ్యలో అంకెలు 16. అదృష్టం కొద్దీ చివరిది ఎలాగూ సున్నాయే కాబట్టి బతికిపోయాను.

దాన్ని అడుగుల్లోకి మార్చి, గొలుసంటే 100 అడుగులని ఎక్కడో చదివిన గుర్తుతో 100తో భాగించాను. 3 కోట్ల 10 లక్షల కోట్ల గొలుసులు వచ్చింది. గర్వంగా బావ చేతిలో పెట్టాను. కాగితం వంక సరిగా చూడకుండానే "ఏ గొలుసు?" అన్నాడు.

గొలుసుల్లో రకాలుంటాయని నాకేం తెలుసు! 100 అడుగులది ఇంజనీర్ల గొలుసట. దాంట్లో లింకు సరిగ్గా అడుగు. బావ అడిగింది గంటర్ గొలుసు: 66 అడుగులు, 100 లింకులు, లింకుకు 7.92 అంగుళాలు. ఈ 66 ఏమిటి, ఈ 7.92 ఏమిటి, ఎవరికైనా మతి ఉందా అన్నాను. అప్పుడు ఓపిగ్గా చెప్పాడు. పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనభై గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. పొడవు, వెడల్పు గొలుసుల్లో కొలిచి గుణించాక దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపితే చాలు, ఎకరాలు వచ్చేస్తాయి. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకొకటి ఉంటుందా? నోరు మూసుకుని మళ్లీ లెక్కకు కూర్చున్నాను.

66 అడుగులంటే 20.1168 మీటర్లు. ఈసారి కాంతి సంవత్సరానికి 4 కోట్ల 70 లక్షల 29 వేల కోట్ల గొలుసులు తేలింది. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరమనుకునే ఖగోళ ప్రమాణం 2012 నుంచి కచ్చితంగా 1,49,59,78,70,700 మీటర్లు. అది 743 కోట్ల 64 లక్షల 64 వేల 582 గొలుసులు. నక్షత్రాల దూరాలకు వాడే ఇంకో కొలత పార్సెక్ అయితే 15 కోట్ల 33 లక్షల 88 వేల కోట్లు.

అయిపోయిందనుకున్నాను. "అడుగు ఏది?" అన్నాడు బావ. ఈసారి నిజంగానే కోపం వచ్చింది.

అమెరికాలో సర్వే అడుగని ఒకటి ఉండేది, 1200ను 3937తో భాగిస్తే వచ్చేన్ని మీటర్లు. మామూలు అడుగు 0.3048 మీటర్లు. రెండింటికీ తేడా పది లక్షల్లో రెండు వంతులు. 2022 చివరితో ఆ సర్వే అడుగును పక్కన పెట్టేశారు గానీ పాత రికార్డుల్లో అలాగే ఉంది. పొలం గట్టు మీద ఈ తేడా ఎవరికీ కనబడదు. సూర్యుడి దాకా కొలిస్తే దాదాపు 299 కిలోమీటర్లు. ఒక కాంతి సంవత్సరం మీద కోటీ 89 లక్షల కిలోమీటర్లు, అంటే చంద్రుడి దూరానికి దాదాపు 49 రెట్లు! ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నా లెక్క మామూలు అడుగుతో చేసిందేనని షీట్ పైన పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

ఇంతా చేస్తే, లక్షల కోట్ల గొలుసులంటే బావకు ఎంత అర్థమైంది? కాంతి సంవత్సరమంత అర్థమైంది. అందుకని దూరాలను కుదించి చూద్దామనిపించింది. మైలుకు 63,360 అంగుళాలు. కాంతి సంవత్సరానికి 63,241 ఖగోళ ప్రమాణాలు. ఉత్త యాదృచ్ఛికమే, కానీ ఎంత పనికొచ్చిందో! ఖగోళ ప్రమాణాన్ని అంగుళం చేశాను. సూర్యుడు పావు మిల్లీమీటరు చుక్క, భూమి దానికి అంగుళం దూరం. నెప్ట్యూన్ నాలుగు లింకుల లోపే. కాంతి సంవత్సరం 80 గొలుసులకు 15 లింకులు తక్కువ. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరున్న నక్షత్రం, ప్రాక్సిమా సెంటారీ, నాలుగు మైళ్ల 19 గొలుసుల అవతల. మధ్యలో దాదాపు ఏమీ లేదు. అది విని బావ "అంత ఖాళీయా?" అన్నాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి జోకు వేయకుండా మాట్లాడాడు.

ఆ ఊపులోనే పార్సెక్ బొమ్మ గీశాను. సూర్యుడి నుంచి భూమికి ఒక గీత, దాని మీద పొడవాటి త్రిభుజం, కొనలో కోణం ఒక ఆర్క్ సెకండు, అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఆ పొడవే పార్సెక్. "ఇది మా పనేగా!" అన్నాడు బావ. నిజమే. నది అవతలి ఒడ్డు దాకా గొలుసు పట్టుకుని పోలేనప్పుడు వాళ్లు ఇవతల ఆధార రేఖ కొలిచి, థియోడలైట్‌తో కోణాలు చూస్తారు. 1838లో ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ 61 సిగ్ని నక్షత్రానికి చేసిందీ అదే. కాకపోతే ఆయన ఆధార రేఖ భూమి కక్ష్య, దొరికిన కోణం ఆర్క్ సెకండులో మూడో వంతు కంటే కాస్త తక్కువ.

"మరి నీ గొలుసు చేసిన గంటర్ ఎవరనుకున్నావు?" అన్నాను. 1620 ప్రాంతంలో ఆ గొలుసును వాడుకలోకి తెచ్చినప్పుడు ఎడ్మండ్ గంటర్ లండన్‌లోని గ్రెషమ్ కాలేజీలో ఖగోళశాస్త్ర ప్రొఫెసర్. బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత షీట్ ముందుకు లాక్కుని, "వాడేకొద్దీ గొలుసు సాగుతుంది, ఆ దిద్దుబాటు వేశావా?" అన్నాడు.