నూట అరవైలో అరవై

నాన్న ఖజానా శాఖలో 33 ఏళ్లు బిల్లులు పాసుచేసి పదవీ విరమణ పొందిన మనిషి కాబట్టి, లోకంలోని మంచిచెడ్డలన్నీ ఆయన దృష్టిలో ఏదో ఒక పద్దు కిందికి రావలసిందే. 2025 జూన్ మొదటి వారంలో నేను హైదరాబాదులో దిగి, హబ్సిగూడలోని మా ఫ్లాటుకు చేరి, పెట్టె తాళమైనా తీయకముందే ఆయన తన డైరీ తెచ్చి నా ముందు పెట్టారు. కాలనీలోని విశ్రాంత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన సందేశాన్ని అందులో చేత్తో ఎక్కించుకున్నారు. అమెరికా ప్రభుత్వం పరిశోధన కోసం ఇచ్చే ప్రతి 100 డాలర్లలో 60 డాలర్లను విశ్వవిద్యాలయాలు పైఖర్చుల పేరుతో మింగేస్తున్నాయని, కొత్త ప్రభుత్వం ఆ దుబారాను అరికడుతోందని దాని సారాంశం.

"నిజమేనా బిడ్డా?" అన్నారు. "నిజమైతే మీరు చేసేది తప్పు. అబద్ధమైతే ఎక్కడ అబద్ధమో చూపెట్టు."

ఆ ప్రశ్నకు అప్పటికి నాలుగు నెలలుగా నేను సరైన జవాబు చెప్పలేకపోతున్నాను. అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 11 ఏళ్లుగా ఉబ్బసం మీద, అంటే ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు ఎందుకు వాచి బిగుసుకుంటాయన్న దాని మీద, పనిచేస్తున్నాను. మా ప్రయోగశాల నడిచేది ఎన్‌ఐహెచ్, అంటే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు, ఇచ్చే ప్రజాధనంతో. 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం సాయంత్రం, ఎన్‌ఐహెచ్ ఒక ప్రకటన చేసింది. విశ్వవిద్యాలయాలకు పరిశోధన ఖర్చుతోపాటు ఇచ్చే పరోక్ష ఖర్చులను, అంటే ఆ పైఖర్చులను, ఏ సంస్థకు ఎంత రేటు ఒప్పుకొని ఉన్నా సరే, సోమవారం నుంచి 15 శాతానికే పరిమితం చేస్తామన్నది దాని సారం. 2023 ఆర్థిక సంవత్సరంలో తాము ఇచ్చిన 3,500 కోట్ల డాలర్లకు పైగా నిధుల్లో దాదాపు 900 కోట్లు ఈ పైఖర్చులకే పోయాయని అందులో రాశారు. న్యాయస్థానం ఆ ఆదేశాన్ని సోమవారమే ఆపింది, ఏప్రిల్‌లో శాశ్వతంగా నిలిపివేసింది. అయితే ఆదేశం ఆగినా దాని వెనక వచ్చిన భయం ఆగలేదు. మా విభాగంలో కొత్త నియామకాలు నిలిచిపోయాయి, ఎలుకల గదిని చూసుకునే ఇద్దరిలో ఒకరి ఒప్పందం పొడిగించలేదు, మే నెలలో వచ్చిన బడ్జెటు ప్రతిపాదనలో ఎన్‌ఐహెచ్ మొత్తం నిధులనే దాదాపు 40 శాతం తగ్గించాలన్నారు.

ఈ మధ్యలో మార్చి 7న వాషింగ్టన్‌లోనూ, ఇంకా అనేక నగరాల్లోనూ "స్టాండ్ అప్ ఫర్ సైన్స్" పేరుతో సభలు జరిగాయి. మా ఊళ్లో జరిగిన చిన్న సభకు నేనూ వెళ్లాను. గ్రీన్ కార్డు చేతిలో ఉండి కూడా చివరి వరుసలో, అట్ట పట్టుకోకుండా, చేతులు కోటు జేబుల్లో పెట్టుకొని నిలబడ్డాను. హెచ్1బి వీసా మీద ఉన్న మా ప్రయోగశాల కుర్రాడు (మనవాడే, ఖమ్మం వైపు వాడు) రెండో అంతస్తు కిటికీలోంచి చూశాడు. సాయంత్రం టీ తాగుతూ, "అక్కా, పన్ను కడుతున్నం గానీ ఓటు లేదు, మనం అరిస్తే ఎవరి తరఫున అరిచినట్టు?" అన్నాడు. వాడికి నేనేమీ చెప్పలేకపోయాను. ప్రవాసి శాస్త్రవేత్తకు ఇదొక ఇరకాటం. ఆ దేశపు ప్రజాధనంతో ఆ దేశపు ప్రజల జబ్బు మీద పనిచేస్తూ, ఆ ప్రజలతో మాట్లాడవలసి వచ్చేసరికి యాస దగ్గరా, వీసా దగ్గరా నోరు ఆగిపోతుంది.

అయినా ఏప్రిల్‌లో టౌను లైబ్రరీలో జరిగిన సమావేశంలో మాట్లాడక తప్పలేదు. మొక్కజొన్న, సోయా పండించే ఒక పెద్దాయన లేచి, నాన్న డైరీలో ఉన్న ప్రశ్ననే ఇంకాస్త మర్యాదగా అడిగారు. నేను ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల కథ ఎత్తుకున్నాను. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ప్రభుత్వ నిధులతో ఆ బుగ్గల్లో బతికే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడని, మరిగే వేడికి దగ్గరలోనూ చెడిపోని దాని ఎంజైము లేకపోతే ఇవాళ మనకు తెలిసిన పీసీఆర్ పరీక్షే ఉండేది కాదని, కోవిడ్ కాలంలో అందరి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి చేసినది దాని చలవేనని ఆవేశంగా చెప్పుకుపోయాను. అంతా నిజమే. పెద్దాయన ఓపికగా విని, "బాగుంది, కానీ నేను అడిగింది అరవై గురించి" అని కూర్చున్నారు. చప్పట్లు కొట్టినవాళ్లంతా మా విశ్వవిద్యాలయం వాళ్లే.

హబ్సిగూడలో మా భోజనాల బల్ల మీద నాన్న ఆ నెల అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు రసీదు వెనక్కి తిప్పి, పెన్సిలు నా చేతిలో పెట్టారు. అరవై శాతం రేటు అంటే ఇచ్చిన 100లోంచి 60 తీసుకోవడం కాదని, పరిశోధనకు నేరుగా పెట్టే 100 మీద ఇంకో 60 అదనంగా ఇవ్వడమని రాశాను. నాన్న పెన్సిలు లాక్కున్నారు. "అంటే మొత్తం 160. అందులో 60. నూటికి 37న్నర." కింద రెండు గీతలు గీశారు. పెద్ద యంత్రాల ఖరీదు మీద, విద్యార్థుల ఫీజుల మీద ఆ రేటు పడదని చెబితే, వాస్తవంలో వాటా ఇంకా తక్కువన్నమాట అని పక్కన రాసుకున్నారు. 3,500లో 900 అంటే నూటికి 26 కూడా నిండదని తేల్చారు. అంత చదువు చదివి ఈ నాలుగు అంకెలను లైబ్రరీలో బోర్డు మీద ఎందుకు వేయలేదని అడిగితే, నిజం చెప్పాలంటే, నాకు అది చిన్నతనంగా అనిపించింది.

ఆయన అక్కడితో వదలలేదు. "37న్నర మాత్రం తక్కువా? దేనికి పోతయి అవి?" అన్నారు. మా ప్రయోగశాలలో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు మూడున్నాయి. వాటిలో ఆస్తమా రోగులు పదేళ్లుగా ఇచ్చిన కఫం నమూనాలు చిన్నచిన్న గొట్టాల్లో, ఒక్కోదాని మీద తేదీ వేసి, వరుసగా ఉంటాయి. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటరు అందుకోవాలి, అందుకోకపోతే మోగే అలారానికి ఎవరో ఒకరు పరుగెత్తాలి. ఆ కరెంటు, ఆ జనరేటరు, ఆ పరుగెత్తే మనిషి జీతం, వాడిన రసాయనాలను జాగ్రత్తగా పారబోయించే ఖర్చు, రోగుల సమ్మతి పత్రాలను పరిశీలించే సంఘం, ఇవేవీ నా గ్రాంటులో వరుసగా కనబడవు. నాన్న చేతిలోని రసీదు చూపించాను. లిఫ్టు, వాచ్‌మన్, బోరు మోటారు, జనరేటరు డీజిలు: వీటిలో ఏదీ మా వంటింటి ఖర్చు కాదు, కానీ ఇవి లేకపోతే నాలుగో అంతస్తులో వంటిల్లు నడవదు. ఆయన తల ఊపారు గానీ, ఆడిటు ఎవరు చేస్తారని మళ్లీ అడిగారు. రేటును సంస్థలు సొంతంగా వేసుకోవని, లెక్కలు చూపించి ప్రభుత్వంతో బేరమాడి ఖాయం చేసుకోవాలని, అందులో పాలనా ఖర్చుల వాటాకు 1991 నుంచే 26 శాతం పరిమితి ఉందని చెప్పాను.

"గది ముందుగాల్నే చెప్పాలె గదా!" అన్నారు, ఏదో గొప్ప రహస్యం దాచిపెట్టినట్టు. దాచామనే ఆయన ఉద్దేశం, అందులో నిజం లేకపోలేదు. మేం ఫలితాలను పండగలా ప్రకటిస్తాం, బిల్లును మాత్రం గుమాస్తాలకు వదిలేస్తాం. ఆ ఖాళీలోకే పుకారు వచ్చి కూర్చుంటుంది.

నాలుగు రోజుల తర్వాత మిరుగం వచ్చింది. ఏటా మృగశిర కార్తె ప్రవేశించే వేళ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం ఉన్నవాళ్ల కోసం చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. ఒకప్పుడు చేప మందు అన్నారు, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. ఎదురు ఫ్లాటు పెద్దమ్మ తన ఏడేళ్ల మనవణ్ణి అక్కడికి తీసుకుపోతానంది. పిల్లవాడికి రాత్రిపూట పిల్లికూతలు. డాక్టరు రాసిచ్చిన ఇన్హేలరు బీరువాలో ఉంది, ఎందుకంటే "అది ఒక్కపారి పెడితే ఇగ జన్మంతా ఇడువదంట." నేను నిపుణురాలి గొంతుతో, చేప ప్రసాదానికి శాస్త్రీయ ఆధారం లేదనేశాను. ఆమె "సరే బిడ్డా" అని లోపలికి పోయింది. ఆ "సరే"కు అర్థమేమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు.

నాన్న సోఫాలోంచే విన్నారు. "లెక్క చెప్పలేదు నువ్వు, తీర్పు చెప్పినవ్" అన్నారు.

మర్నాడు నేనే వాళ్లింటికి వెళ్లాను. పెద్దమ్మ అంతవరకు వాడుతున్న సాల్బుటమాల్ సిరప్ సీసా అడిగి తీసుకొని, పక్కన ఆ ఇన్హేలరు పెట్టాను. సిరప్ ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాముల మందు ఉంది. ఇన్హేలరు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మందు ఒకటే, ఒక చెంచా సిరప్‌లో ఉన్నది ఇరవైసార్లు నొక్కినంత. సిరప్ కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి కనుక అంత కావాలి, ఇన్హేలరు నేరుగా వాకిట్లోనే అందిస్తుంది కనుక కొంచెం చాలు. "గందుకేనా సిరప్ తాగినంక వీని చేతులు వణుకుతయి?" అంది పెద్దమ్మ. ఆమె ఎన్నాళ్లుగానో చూస్తున్న విషయం అది, అడిగినవాళ్లే లేరు.

ఇంకొక ఇబ్బంది మిగిలింది. పిల్లవాడు నొక్కడానికి, పీల్చడానికి పొత్తు కుదరక మందంతా నాలుక మీదే పడుతోంది. దీనికి మధ్యలో స్పేసరు అనే డొల్ల గొట్టం పెడతారు, వాళ్ల స్పేసరు ఊళ్లో ఉండిపోయింది. 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెదర్ జార్ బృందం, కొనలేని కుటుంబాల కోసం 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు అడుగున ఇన్హేలరు పట్టేటంత కంత చేసి, అది దుకాణంలో కొన్న స్పేసరుతో సమానంగా పనిచేస్తుందని పిల్లల మీద పరీక్షించి చూపింది. అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు కనుక ఏ కంపెనీ అయినా ఆ పరీక్ష చేయించి ఉంటుందని నేననుకోను. మేం ఒక నీళ్ల సీసాను కడిగి ఆరబెట్టి, తీగను గ్యాసు మీద కాల్చి అడుగున కంత పెట్టి, అంచుకు టేపు చుట్టాం. వాడు మూతి బిగించి పట్టుకొని బుస్సుబుస్సున పీల్చి, కళ్లు పెద్దవి చేసి, "తియ్యగ లేదు" అని ఫిర్యాదు చేశాడు. నేను వైద్యురాలిని కాను కాబట్టి, ఆ సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. డాక్టరు కొత్త స్పేసరు రాశారట. వాళ్లు నాంపల్లికి కూడా వెళ్లొచ్చారు, నేను ఆపలేదు. ఇన్హేలరు మాత్రం బీరువాలోంచి టీవీ పక్కకు వచ్చింది.

అమెరికావాడి పైసలు అమెరికావాడి ఇష్టం, మనకెందుకని నాన్న గ్రూపులోని ఒక మిత్రుడు సాయంత్రం నడకలో నాతో వాదించారు. మేం నడుస్తున్నది ఎన్‌జీఆర్‌ఐ గోడ పక్కన, అంటే మన ప్రజాధనంతో నడిచే పరిశోధన సంస్థ నీడలోనే. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో తయారయ్యే రోటావాక్ గురించి చెప్పాను. పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే ఆ టీకాకు మూలమైన 116ఇ వైరస్ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికింది. దాని మీద మన జీవసాంకేతిక శాఖ, అమెరికా ఎన్‌ఐహెచ్, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, భారత్ బయోటెక్ కలిసి పనిచేయగా, 6,799 మంది శిశువుల మీద తుది పరీక్ష ముగిసి, 2016లో ఆ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమం కింద మొదట అందిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు 30 ఏళ్ల పని. మధ్యలో ఏ రెండేళ్లు నిధులు ఆగినా ఆ వరుస తెగేది. ఆయన "అచ్ఛా" అని ఊరుకున్నారు. ఒప్పుకున్నారని చెప్పలేను.

బయల్దేరే ముందు బేగంపేట వైపు పని పడి వెళ్లినప్పుడు నాన్నకు రొనాల్డ్ రాస్ భవనం చూపించాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని, ఒక్కో దోమకు అణా చొప్పున అతనికి ఇచ్చారు. పని అంత దగ్గరికి వచ్చిన సమయంలో, సెప్టెంబరులో, ప్రభుత్వం రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. దోమ నుంచి మలేరియా ఎలా సోకుతుందన్న మిగతా సగాన్ని ఆయన మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పూర్తిచేయవలసి వచ్చింది. నాన్న బదిలీ సంగతికి ఆశ్చర్యపోలేదు, ఆయన తొమ్మిది బదిలీలు చూసినవారు. "ఆ అణాలు ఏ పద్దు కింద రాసిండో" అన్నారు.

ఆగస్టులో మా కౌంటీ సంతలో విశ్వవిద్యాలయం వాళ్లు నాకొక బల్ల ఇచ్చారు. ఈసారి ఎల్లోస్టోన్ ఎత్తుకోలేదు. ఒక గాజు జాడీలో 160 మొక్కజొన్న గింజలు పోసి, 60 గింజలకు ఎర్రరంగు వేసి, పక్కన మూడు ఫ్రీజర్ల కరెంటు బిల్లు పెట్టాను. లైబ్రరీ పెద్దాయన వచ్చారు. జాడీని బల్ల మీద గుమ్మరించి, ఎర్రవి ఒక పక్క, పసుపువి ఒక పక్క ఏరి, ఒక్కొక్కటే లెక్కపెట్టారు. దానికి పావుగంట పట్టింది. ఎర్రవి 59 ఉన్నాయన్నారు. ఇద్దరం వంగి బల్ల కింద వెతికాం గానీ అరవయ్యోది దొరకలేదు. ఆయన అక్కడే కూర్చొని, ఆ జనరేటరు ఏ కంపెనీదో, గంటకు ఎంత డీజిలు తాగుతుందో అడగడం మొదలుపెట్టారు.

రాత్రి ఫోనులో చెబితే నాన్న చాలాసేపు నవ్వారు. ఆ పోయిన గింజను ఎక్కడ రాసుకున్నావని అడిగారు.