క్రాంజీలో ఆ ముగ్గురి పేర్లు వెతికి పట్టుకున్నా: నా అనుభవం

మా మామ్మది వైజాగ్ వన్‌టౌన్. 1942 ఏప్రిల్ 6న హార్బర్ మీద జపాన్ వాళ్ల బాంబులు పడ్డప్పుడు తనకి ఎనిమిదేళ్లట, పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే వదిలేసి అందరూ ఎడ్లబండెక్కి చోడవరం వైపు వెళ్లిపోయారని, మళ్లీ నెలకి గాని ఇంటికి రాలేదని పోయేదాకా చెప్తూనే ఉండేది. చివర్లో ఒక మాట మాత్రం ఎప్పుడూ అనేది, "దానికి రెండ్రోజుల ముందే లంక దగ్గర మన పక్క విమానం ఒకటి వాళ్ల ఓడల్ని చూసేసిందిరా, చూసినందుకే కూల్చేశారు, పాపం" అని. వాళ్ల నాన్న పోర్టులో పని చేసేవారు, అక్కడ విని ఉంటారు.

ఉద్యోగం మీద సింగపూర్ వచ్చాక ఆ మాట బాగా గుర్తొచ్చేది. వెతికితే మామ్మ చెప్పింది అక్షరాలా నిజం. కెనడా వాళ్ల 413 స్క్వాడ్రన్‌కి చెందిన కాటలీనా, నీళ్ల మీద దిగే పెద్ద విమానం, నంబర్ ఏజే 155. పైలట్ లియొనార్డ్ బర్చల్, సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వచ్చి రెండ్రోజులే అయింది. ఏప్రిల్ 4 తెల్లారకముందే అక్కడి దక్షిణ తీరంలోని కొగ్గల నుంచి తొమ్మిది మందితో బయల్దేరారు, రోజంతా సముద్రం చూసి ఇక వెనక్కి తిరిగే టైముకి దక్షిణం దిక్కున చుక్కల్లాగా ఏవో కనిపించాయి. అవేంటో ఖాయం చేసుకోడానికి దగ్గరికెళ్లారు. జపాన్ అడ్మిరల్ నగుమో ఫ్లీట్ అది, అంటే ఓడల దండు, నాలుగు నెలల ముందు పెర్ల్ హార్బర్ మీద పడినవాడే.

ఇక్కడ ఆగి ఆలోచించండి, కాటలీనా మామూలుగా ఎగిరేది గంటకి 200 కిలోమీటర్లు, వెంటపడ్డ జీరో ఫైటర్లు 500 పైనే పోతాయి, దాక్కోడానికి మబ్బు కూడా లేదు. అలాంటప్పుడు కూడా లోపల రేడియో దగ్గర కూర్చున్న కుర్రాడు మెసేజ్ కొడుతూనే ఉన్నాడు, రూల్ ప్రకారం మూడుసార్లు పంపాలి, ఆ పంపడంలో ఉండగానే గుళ్లు తగిలి రేడియో పోయింది. విమానం మంటల్లో సముద్రం మీద దిగింది. ఒకతను విమానంతో పాటే మునిగిపోయాడు, బాగా గాయపడ్డ ఇద్దరికి లైఫ్ జాకెట్లు కట్టారు, పైనుంచి మళ్లీ కాల్చినప్పుడు మిగతావాళ్లు నీళ్లలోకి మునిగి తప్పించుకున్నారు గానీ జాకెట్లున్న వాళ్లు మునగలేకపోయారు. బతకాలని కట్టిన జాకెట్ అది. ఈ ముక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మిగిలిన ఆరుగురిని ఇసొకాజే అనే జపాన్ యుద్ధనౌక ఎక్కించుకుంది, మెసేజ్ పంపారా లేదా అని డెక్ మీదే చావగొట్టారు. మెసేజ్ అయితే కొలంబో చేరింది, కదలగలిగిన ఓడల్ని హార్బర్‌లోంచి బయటికి పంపేశారు, మర్నాడు ఈస్టర్ ఆదివారం దాడి జరిగింది. బర్చల్ 1945 ఆగస్టు దాకా జపాన్ క్యాంపుల్లోనే ఉన్నాడు, జబ్బు పడ్డవాళ్లని పనికి తోలుతుంటే ఖైదీలందరితో పని ఆపించి దెబ్బలు తిన్నాడు. సిలోన్‌ని కాపాడినవాడని పేరొచ్చింది, 2004లో 89 ఏళ్లకి పోయాడు. ఆయన గురించి ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావాల్సింది ఆ ముగ్గురు. వాళ్ల పేరు ఎక్కడైనా చెక్కి ఉందా అని.

యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఎవరైనా ఫ్రీగా వెతకొచ్చు. నేను చేసిన తప్పు ముందే చెప్తా, కెనడా స్క్వాడ్రన్ కదా అని కెనడా ఎయిర్ ఫోర్స్ ఫిల్టర్ పెట్టి మూడు వారాంతాలు పోగొట్టుకున్నా. స్క్వాడ్రన్ కెనడాదే గానీ ఆ విమానంలో ఎక్కువమంది బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ వాళ్లు. ఇంకో చిక్కు, పాత వ్యాసాల్లో ఇంటిపేరు, ఇనిషియల్ తప్ప ఏమీ ఉండదు, స్పెల్లింగ్ తలో రకం. చివరికి పేరు వదిలేసి, చనిపోయిన తేదీ 1942 ఏప్రిల్ 4, సర్వీస్ ఎయిర్ ఫోర్స్, ఈ రెండే పెట్టి వచ్చినవన్నీ ఒక్కొక్కటి తెరిచి చూశా. దొరికారు. సమాధి లేదు కాబట్టి సింగపూర్ మెమోరియల్ అని, అంటే ఇక్కడి క్రాంజీ యుద్ధ శ్మశానంలోని స్మారకం, పక్కన కాలమ్ నంబర్. నేనుండే ఊళ్లోనే! ఎన్నిసార్లు ఆ లైన్‌లో రైలెక్కి ఉంటానో.

ఆ ఆదివారమే వెళ్లా. క్రాంజీ మెట్రో స్టేషన్‌లో దిగి పది పదిహేను నిమిషాలు నడిస్తే వస్తుంది. గడ్డి గుట్ట మీదికి వరసగా తెల్లరాళ్లు, పైన విమానం రెక్కలాంటి కప్పు, దాని కింద గోడలు, గోడల నిండా పేర్లు, మొత్తం 24 వేలకి పైనే. కాలమ్ నంబర్ రాసుకుని వెళ్లండి, లేకపోతే తిరుగుతూనే ఉంటారు. ఏడాది, ఆ కింద హోదా, ఆ కింద అక్షరక్రమం. మొదటి పేరు నా తలకంటే పైన ఉంది, మడమలెత్తి వేలితో తడిమా, అక్షరం గాడిలో సన్నటి దుమ్ము వేలికంటింది.

అమ్మకి వీడియో కాల్ చేశా. ఇంకోటి కూడా చెప్పా, లంక దగ్గర వీళ్లు చూసిన ఓడలు, వైజాగ్, కాకినాడ మీద బాంబులేసిన ఓడలు ఒకటి కాదమ్మా, మనమీదకొచ్చింది ఒజావా అనే ఇంకో అడ్మిరల్ ఫ్లీట్, ర్యూజో అనే ఓడ మీంచి లేచిన విమానాలు, ఆ వారం ఆపరేషన్ మాత్రం ఒకటే అని. విశాఖ మ్యూజియంలో ఉన్న ఆ బాంబు అప్పటిదే కదూ అంది. అవునన్నా.

"సరే పేర్లు చదువు" అంది. ముగ్గురివీ చదివా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ పట్టుకుని ఎక్కడికో నడుస్తున్నట్టు స్క్రీన్ ఊగుతోంది, మా హాలు, తలుపు, ఆ తర్వాత దండ వేసిన మామ్మ ఫొటో.

"ఇప్పుడు ఇంకోసారి చదువు" అంది.