శివారు దాకా

మా నాన్నగారు కాలం చేసి ఈ కార్తీకానికి రెండేళ్ళు నిండాయి. తెనాలి పక్క పల్లెలో 1931లో పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు చదివి, 1954లో ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ)లో చేరిన ఆయన 1989లో పదవీ విరమణ చేసేవరకు కృష్ణ నీళ్ళతోనే కాపురం చేశారని మా అమ్మ అనేది. 92 ఏళ్ళు నిండుగా బతికిన మనిషి గురించి రాయడానికి కూర్చుంటే, ఆయన హోదాలకంటే ముందు ఆయన అడిగే ఒకే ఒక్క ప్రశ్న నాకు గుర్తొస్తోంది: "శివారుకు అందిందా?" అంటే, కాలువ చిట్టచివరి పొలాలకు నీళ్ళు చేరాయా అని.

కాటన్ దొర కాలంలో, 1850లలో, బెజవాడ దగ్గర కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీ పని 1954లో మొదలైనప్పుడు నాన్నగారికి 23 ఏళ్ళు. 1957 డిసెంబరులో అది ప్రకాశం బ్యారేజీగా ప్రారంభమైంది. మమ్మల్ని గుంటూరు వైపు తీసుకువెళ్ళినప్పుడల్లా బస్సు ఆ 1,223 మీటర్లు దాటేలోగా 70 గేట్లనూ లెక్కపెట్టించేవారు. మేము ఒకటో రెండో తప్పితే కోప్పడేవారు కాదు, తిరుగు ప్రయాణంలో మళ్ళీ లెక్కపెట్టమనేవారు.

తరువాత నాగార్జునసాగర్. సాగర్ కాలనీలోనే నేనూ తమ్ముడూ పుట్టాము. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన రోజున నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించారట. నాకు గుర్తులేదు కానీ, ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా మారేదో మాత్రం బాగా గుర్తుంది.

సాగర్ నుంచి డెల్టా కాలువలకు బదిలీ అయ్యాక, పై అధికారుల్లో చాలామంది లాకుల దగ్గర మొదలుపెట్టి కిందికి తనిఖీ చేసుకుంటూ వెళ్తే, నాన్నగారు మాత్రం శివారు భూముల దగ్గర సైకిలు దిగి, అక్కడి నుంచి ఎగువకు గట్టు వెంబడి వచ్చేవారు. పైనున్న రైతులు తూములు ఎత్తుకుంటే చివరి రైతు నారుమడి ఎండబెట్టుకుని రాత్రంతా గట్టు మీద కాపలా కాయాలని, ఆ కష్టం చూసిన తరువాతే పైవాళ్ళతో మాట్లాడే నోరు వస్తుందని ఆయన చెప్పేవారు. ఆయనతో పనిచేసిన లస్కరు (కాలువ కాపలా చూసే ఉద్యోగి) ఒకాయన, దినకర్మల నాడు మా సత్యనారాయణపురం ఇంటికి వచ్చి, "అయ్యగారు ముందు మా ఊరు చూసి, ఆనక ఆఫీసుకు పోయేవారమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఊరు కాలువ చిట్టచివర ఉంది.

ఇంట్లోనూ అదే పద్ధతి. పండుగనాడు పంక్తిలో అందరికీ వడ్డన అయిందా లేదా అని చూసేటప్పుడు ఆయన చూపు చివరి విస్తరి మీదనే ఉండేది. పెద్దవాళ్ళం బాగా చదువుకుంటున్నామని ఎవరైనా మెచ్చుకుంటే ముక్తసరిగా తలూపి, లెక్కల్లో వెనుకబడిన తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకునేవారు. క్యూసెక్కు అంటే ఏమిటో వాడికి చెప్పడానికి వంటింటి నుంచి ఖాళీ కిరసనాయిలు డబ్బా తెప్పించి, "ఇలాంటివి ఒకటిన్నర డబ్బాల నీళ్ళు ఒక్క సెకనులో పోతే అది ఒక క్యూసెక్కు నాయనా" అన్నారు. అమ్మకు పక్షవాతం వచ్చాక ఏడేళ్ళపాటు ఆమె మందుల వేళలను, కాలువ నీటి మట్టాలు రాసే గేజి రిజిస్టరులాగా గళ్ళు గీసి రాసుకున్నారు. అమ్మ తిన్నాకే ఆయన తినేవారు. ఆ ఏడేళ్ళలో ఒక్క పూట కూడా ఆ క్రమం తప్పలేదు. నేను ఆయనను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించింది ఆ రిజిస్టరు చూసినప్పుడే.

2009 అక్టోబరు వరద రాత్రి ఆయనకు 78 ఏళ్ళు. 1903లో వచ్చిన సుమారు 10.6 లక్షల క్యూసెక్కుల రికార్డును దాటి 11 లక్షలకు పైగా నీరు బ్యారేజీ మీదికి వస్తోందని తెలిసినప్పటి నుంచి టీవీ ముందు చిన్న నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. బ్యారేజీ 11.9 లక్షలకు తట్టుకుంటుందని ఆయనకు నమ్మకం. దాని గురించి ఆయన కంగారు పడలేదు. పాత సహోద్యోగులకు ఫోను చేసి ముందుగా అడిగింది, "కృష్ణలంకలో కరకట్ట కింద ఉన్నవాళ్ళను పైకి చేర్చారా?" అని.

ఆయన పోయాక ఆ నోటు పుస్తకం నా దగ్గరకు వచ్చింది. 1903 దగ్గర నుంచి పెద్ద వరదలన్నీ ఒక వరుసలో ఉన్నాయి, 2009 కింద ఒక గడి మాత్రం ఖాళీగా గీసి ఉంది. 2024 సెప్టెంబరులో నది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలకు (కౌంటర్ వెయిట్లకు) తగిలిన రోజున, ఆ గడిలో అదే పెన్సిలుతో అంకె వేశాను. ఆ వెంటనే, బుడమేరు వాగు ముంచెత్తిన విజయవాడ సింగ్‌నగర్‌కు అన్నం పొట్లాలు తీసుకువెళ్ళిన తమ్ముడికి ఫోను చేసి, చివరి వీధి దాకా పడవ వెళ్ళిందా అని అడిగాను. "అక్కడి నుంచే మొదలుపెట్టాము అక్కా" అన్నాడు వాడు.