నెమలి లెక్కలోకి వస్తుందా?

దసరా సెలవులకి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. వైజాగ్ వచ్చినవాళ్లందరూ రుషికొండ, కైలాసగిరి అంటారు. వీడు కంబాలకొండ అడవి అన్నాడు. మెడలో బైనాక్యులర్స్, ఫోన్‌లో కూత విని పిట్ట పేరు చెప్పే యాప్. ఇరవై ఏళ్లుగా గాజువాకలో ఉంటున్నా నేను అక్కడికి ఒక్కసారే వెళ్లాను, అదీ ఆఫీసు పిక్నిక్‌కి. బోటెక్కాం, పులిహోర తిన్నాం, వచ్చేశాం.

వాడికి కావలసింది ఇండియన్ పిట్టా అనే పక్షి. హిమాలయాల కింది అడవుల్లో, మధ్య భారతంలో పిల్లల్ని చేసి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ దిగుతుంది. ఒంటి మీద రంగులు చూసి హిందీలో నవరంగ్ అంటారట. తమిళులు ఆరు గంటల పిట్ట అంటారట, పొద్దున్నా సాయంత్రమూ ఆ వేళకి కూస్తుందని. ఆరు గంటల పిట్ట కోసం మేం చేరింది ఎనిమిదిన్నరకి! వాడు లేచేసరికే ఆరున్నర. కాంప్లెక్స్‌లో బస్సు మారుతూ ఆకలన్నాడు. ప్లేటు ఇడ్లీ 60 రూపాయలు. రెండోసారి సాంబారు అడిగితే, మా ఆస్తి అడిగారా అన్నట్టు చూశాడు వడ్డించేవాడు.

222 ఎక్కి కంబాలకొండ అంటే కండక్టర్ "జూకేనా?" అన్నాడు.

"కాదండీ, ఎదురుగా అడవికి."

"అక్కడేటుంటదండీ? జూలో అయితే పులుంటది."

టికెట్ ఇచ్చాడు గానీ, జాలిపడ్డట్టే అనిపించింది.

నిజమే, హైవేకి అటు బోనుల్లో జంతువులు, ఇటు డెబ్బై చదరపు కిలోమీటర్లకి పైగా అడవి. ఒకప్పుడు విజయనగరం రాజులదట, 1970 నుంచి అటవీ శాఖది. లోపలికి అడుగుపెట్టగానే లారీల మోత సగం తగ్గింది. పచ్చగా ఉంది. నాకు 2014 అక్టోబరు 12, ఆ ఆదివారం గుర్తొచ్చింది. హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక చూస్తే మా ఊరి కొండలన్నీ నిప్పంటించినట్టు గోధుమ రంగుకి తిరిగిపోయాయి. ఇక చెట్టన్నది లేవదనుకున్నాం.

మావాడు "బుల్‌బుల్" అంటాడు, నేను "పికిలిపిట్టరా" అంటాను. వాడి కౌకల్ నాకు జెముడుకాకి. పైన రామచిలుకలు గోల చేసుకుంటూ పోతుంటే, "మా రాష్ట్ర పక్షి" అన్నాను. విడిపోయాక పాలపిట్ట వాళ్ల వాటాకి పోయింది, మాకు 2018లో చిలుక వచ్చింది. పాలపిట్ట మీద నాకింకా కొంచెం కోపమే. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని మా అమ్మ మమ్మల్ని పొలం గట్టుకి తోలేది.

అప్పుడు కూసింది నెమలి. యాప్ వెంటనే పేరు చూపించింది. వాడు తన పిట్టల జాబితాలో వేసుకోబోయి ఆగాడు.

"మామయ్యా, ఇది అడవిదా, జూదా?"

"ఏదైతే ఏం? నెమలే కదా."

"బోనులోది లెక్కలోకి రాదు."

"జూ కాంపౌండ్‌లోకి ఎగిరెళ్లిన అడవి నెమలైతే?"

వాడికి అసలైన టెన్షన్ అప్పుడు పట్టుకుంది. దారి మధ్యలో నిలబడి ఫ్రెండ్స్‌కి మెసేజ్‌లు. ఒకడు వెయ్యమంటాడు, ఇంకొకడు మోసం అంటాడు. ఈలోగా స్పీకర్‌లో పాటలు పెట్టుకుని ఒక గుంపు మమ్మల్ని దాటింది, దాంతో ఆ చుట్టుపక్కల పిట్టలన్నీ నోరు మూసుకున్నాయి. నేను విసుగొచ్చి మెడ వెనక్కి వాల్చి కొమ్మలు వెతుకుతున్నాను.

శంభువానిపాలెం వైపు నుంచి సంచి భుజాన వేసుకుని ఒక పెద్దాయన వస్తున్నాడు.

"ఏటి బాబూ పైకి సూత్తన్నారు?"

ఫోన్‌లో బొమ్మ చూపించాను. నవ్వాడు. "అది సెట్టు మీద కాదు బాబూ. కింద, సెత్తలో ఉంటాది." గొంతు తగ్గించి, గడ్డం ఎత్తి పొద కింద చూపించాడు.

ఎండుటాకులు కదులుతున్నాయి. ముందు ఆకుపచ్చ వీపు కనిపించింది, తర్వాత కంటి మీద నల్లటి పట్టీ. ఆకు ఒకటి ముక్కుతో పక్కకి విసిరేసి, గెంతి, తిరిగింది. తోక మొండిగా, దాని కింద కుంకుమ పూసినట్టు ఎరుపు. నేను మావాడి చొక్కా లాగాను. వాడు "ఒక్క నిమిషం" అన్నాడు, టైప్ చేస్తూనే. తలెత్తేసరికి ఆకులు మాత్రం ఉన్నాయి.

గంటన్నర అక్కడే కూర్చున్నాం. పెద్దాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. దోమలు మాత్రం మమ్మల్ని వదల్లేదు.

"నేను చూశాను కదరా, వేసుకో."

"నువ్వు చూస్తే నా లెక్కలోకి రాదు మామయ్యా."

బస్టాప్‌లో నిలబడ్డాక మళ్లీ కూసింది నెమలి, ఈసారి కచ్చితంగా హైవే అవతల నుంచి. వాడు నా వైపు చూడకుండా ఫోన్ తీసి నెమలి వేసేసుకున్నాడు.