బీఆర్ఎస్ వస్తది కదా!

మా గల్లీలో లేస్తున్న అపార్ట్‌మెంట్‌కు పర్మిషన్ ఉన్నది స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ నాలుగు అంతస్తులకి. ఐదోది కూడా లేచింది. మొదట మెట్ల గది అన్నారు, ఆ పక్కన ట్యాంకుకని నాలుగు పిల్లర్లు లేపారు, దసరా సెలవుల్లో రాత్రికి రాత్రి స్లాబు పడింది, ఇప్పుడు టైల్స్ వేస్తున్నారు. (స్లాబులు సెలవుల్లోనే ఎందుకు పడతాయో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు.) ఇక సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) అంటారా, కింద కొలత ప్రకారమే వదిలారు, మొదటి అంతస్తు నుంచి బాల్కనీ పేరుతో బయటికి లాగేశారు.

అడిగితే మేస్త్రీ నవ్వాడు. "ఏం కాదు సార్, బీఆర్ఎస్ వస్తది కదా." పార్టీ కాదులెండి, ఫీజు కడితే అక్రమంగా కట్టినదాన్ని సక్రమం చేసే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. ఆ ధీమా ఊరికే రాలేదు. ఇలాంటిదే 2007 చివర్లో ఒకసారి తెచ్చారు, 2015లో మళ్లీ తెస్తే హైకోర్టులో చిక్కుకుంది. ప్లాట్లకైతే, అనుమతి లేని లేఅవుట్లను ఇలాగే సక్రమం చేసే 2020 ఎల్ఆర్ఎస్‌కు 25 లక్షలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి, 2025లో గడువులోగా కడితే ఫీజులో 25 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. మొదట్నించీ రూల్ ప్రకారం నడిచినవాడికి మాత్రం ఏ తగ్గింపూ లేదు!

రూల్స్ లేక కాదు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 చూడండి, అపార్ట్‌మెంట్ కట్టేవాడు బిల్టప్ ఏరియాలో 10 శాతం దాకా మున్సిపాలిటీ దగ్గర తనఖా పెట్టాలి, ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇక ఉండొచ్చన్న పత్రం) తెచ్చుకుంటేనే విడిపిస్తారు. బిల్డర్ లెక్క వేరు. మిగతాది అమ్మితేనే పెట్టుబడీ లాభమూ వచ్చేస్తాయి, పైన లేపిన పెంట్‌హౌస్ బోనస్. ఈలోగా మీటర్లు బిగుస్తాయి, కొన్నవాళ్లు పాలు పొంగించేస్తారు, ఇక కూల్చడానికి ఎవరికి చేతులొస్తాయి?

మీరట్ అక్రమ కట్టడాల కేసులో 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. ఓసీ లేదా కంప్లీషన్ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలంది, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్ ఇవ్వాలంది, కట్టినన్నాళ్లూ ప్లాన్ కాపీ సైటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలంది. మా గల్లీలో కనిపించేది "ఫ్లాట్లు అమ్మబడును" ఫ్లెక్సీ ఒక్కటే.

ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల దగ్గర బుల్డోజర్లను టీవీలో చూస్తున్నాం, మంచిదే, కానీ మా గల్లీకి కావాల్సింది పిల్లర్లు లేచేటప్పుడు టేపు పట్టుకుని వచ్చే ఒక్క మనిషి. నేను ఫిర్యాదు పెట్టాక గేటుకు నోటీసు అంటించారు. దాని మీదే ఇప్పుడు పెంట్‌హౌస్ టు-లెట్ బోర్డు వేలాడుతోంది.